ఎవరి గృహం? ఎవరి విజ్ఞానం?

బాసరలో చదువుకు రెండు గుమ్మాలు. గోదావరి ఒడ్డున ఉన్న జ్ఞాన సరస్వతి గుడి మొదటిది. వసంత పంచమి నాడు తల్లులు తెల్లవారకముందే పిల్లల్ని చంకనేసుకుని వరసల్లో నిలబడతారు. పలకా బలపం పట్టించి, బియ్యంలో వేలు పెట్టించి అక్షరం దిద్దించేటప్పుడు ఆడపిల్లా మగపిల్లవాడా అన్న తేడా అక్కడ లేదు. అమ్మవారికి అలదిన పసుపు నాలుక మీద వేసుకుంటే చదువు వస్తుందని నమ్మకం. రెండో గుమ్మం 2008లో వచ్చిన రాజీవ్‌గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్. జనం నోట్లో అది ట్రిపుల్ ఐటీ. పదో తరగతి ఫలితాలతో ప్రవేశం, ఆరేళ్ల చదువు, చివర బీటెక్ పట్టా.

ఈ రెండు గుమ్మాల మధ్య ఒక ఆడపిల్ల జీవితంలో పదేళ్ల పైచిలుకు బడి ఉంటుంది. ఆ బడిలో ఆమెకు ఏం నేర్పాలి, ఎందుకు నేర్పాలి, నేర్చుకుని ఆమె ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నల మీద నూటయాభై ఏళ్లుగా మన సంస్కర్తలూ ప్రభుత్వాలూ తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. ఆ తర్జనభర్జనల్లోంచి పుట్టిన సబ్జెక్టు గృహవిజ్ఞానం. మన వాడుకలో హోంసైన్సు.

హోంసైన్సు అనగానే మనలో చాలామందికి నవ్వొస్తుంది. కుట్లూ అల్లికలూ, జామ్ చేయడం, పెళ్లి సంబంధాల మార్కెట్లో పనికొచ్చే పట్టా అని తేల్చేసుకున్నాం. స్త్రీవాదం వంటింటిని ప్రశ్నించిన రోజుల్లో ఆ నవ్వుకు కారణం ఉంది. విమల ‘వంటిల్లు’ కవిత తర్వాత వంటింటిని పాత కళ్లతో చూడటం ఎవరికీ సాధ్యం కాలేదు. కానీ నవ్వేసి పక్కన పెట్టిన ఆ సబ్జెక్టు వెనక ఒక చరిత్ర ఉంది. అది ఆడపిల్లల చుట్టూ కట్టిన కంచె చరిత్ర. అదే కంచెలో కొందరు ఆడవాళ్లు కష్టపడి తెరుచుకున్న తలుపుల చరిత్ర కూడా. రెండింటినీ కలిపి చదవకపోతే, ఉత్తర తెలంగాణలో ఇవాళ పదో తరగతి పాసైన ఆడపిల్ల ముందున్న దారులు ఎందుకిలా ఉన్నాయో మనకు అర్థం కాదు.

తలుపు తెరిచినవాళ్లు

ఈ శాస్త్రం పుట్టుకలోనే ఒక విచిత్రం ఉంది. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1870లో అడుగుపెట్టిన మొట్టమొదటి విద్యార్థిని ఎలెన్ స్వాలో రిచర్డ్స్. 1873లో పట్టా తీసుకున్న రసాయన శాస్త్రవేత్త. నీటిలో కాలుష్యం మీద, ఆహార కల్తీ మీద ఆమె చేసిన పని ప్రజారోగ్యానికి పునాదుల్లో ఒకటి. ఆమె చొరవతోనే 1899లో లేక్ ప్లాసిడ్ అనే చోట మొదలైన సమావేశాల్లోంచి ‘హోమ్ ఎకనామిక్స్’ ఒక విద్యాశాఖగా నిలబడింది. 1908లో ఏర్పడిన సంఘానికి ఆమే మొదటి అధ్యక్షురాలు.

ఒక రసాయన శాస్త్రవేత్త వంటింటి వైపు ఎందుకు చూసింది? ఆ కాలంలో విశ్వవిద్యాలయాల రసాయన శాఖలు ఆడవాళ్లకు ఉద్యోగాలివ్వలేదు. ప్రయోగశాలలో చోటు దొరకని స్త్రీలు వంటింటినే ప్రయోగశాల చేసుకున్నారు. ‘ఇది మా పనే కదా, దీన్నైనా శాస్త్రీయంగా చదవనివ్వండి’ అన్న వాదన ముందు మగ పండితులు కాదనలేకపోయారు. ఆ విధంగా డీన్లు అయ్యారు, ప్రొఫెసర్లు అయ్యారు. కానీ 1917లో స్మిత్-హ్యూస్ చట్టం కింద హైస్కూళ్లలో వృత్తివిద్యకు నిధులొచ్చినప్పుడు మగపిల్లలకు వ్యవసాయం, పరిశ్రమ. ఆడపిల్లలకు హోమ్ ఎకనామిక్స్ అన్న విభజన కూడా అదే దారిలో గట్టిపడింది. శాస్త్రవేత్త తెరిచిన తలుపు ఆమె మనవరాళ్లకు గోడగా మారింది. 1994లో అక్కడి సంఘం తన పేరును ‘కుటుంబ, వినియోగదారు శాస్త్రాలు’గా మార్చుకున్నది ఈ బరువు దించుకోవడానికే.

మన దగ్గర దారి వేరు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1883లో ఆయన తెచ్చిన పత్రిక పేరు ‘సతీహితబోధిని’. పేరే చెబుతుంది చదువు ఎవరికోసమో. చదువుకున్న భార్య, చదువుకున్న తల్లి సంస్కరణకు కావాలి. 1928లో కె.ఎన్. కేసరి మద్రాసు నుంచి తెచ్చిన పత్రిక ‘గృహలక్ష్మి’. ఇక్కడా పేరు ఇంటిదే. కానీ పత్రిక నడిచిన కొద్దీ అందులో రాసిన ఆడవాళ్లు ఇల్లు దాటి మాట్లాడారు. ఆ పత్రిక ఇచ్చిన స్వర్ణకంకణం అందుకున్నవాళ్లు రచయిత్రులుగా అందుకున్నారు. గృహలక్ష్మి అనే మాటను గొడుగుగా పట్టుకుని వీధిలోకి వచ్చారని నాకనిపిస్తుంది.

1927లో పుణెలో తొలిసారి సమావేశమైన అఖిల భారత మహిళా సభ స్త్రీ విద్యనే ప్రధాన విషయంగా తీసుకుంది. ఆ సభ కృషితోనే 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ వచ్చింది. 1949లో బరోడా విశ్వవిద్యాలయంలో హోంసైన్సు ఒక ఫ్యాకల్టీగా మొదలైంది. అప్పటి వైస్ చాన్సలర్ హంసా మెహతా. మానవ హక్కుల విశ్వప్రకటన మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అన్న మాటను ‘మానవులందరూ’ అని మార్పించిన స్త్రీ ఆమే. ఈ పేరు గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

నిజాం రాజ్యంలో తెలుగు ఆడపిల్ల

కోస్తాలో, మద్రాసులో జరిగిన ఈ కథ బాసరకు నేరుగా వర్తించదు. ఆ రోజుల్లో బాసర ఉన్న ముథోల్ తాలూకా నాందేడు జిల్లాలో భాగం. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో ముథోల్, భైంసా, కుబీరు ప్రాంతాలు ఆదిలాబాద్ జిల్లాలో కలిశాయి. 2016లో జిల్లాల విభజనతో నిర్మల్ జిల్లాలోకి వచ్చాయి. ఒకవైపు తెలుగు, మరోవైపు మరాఠీ, కచేరీలో ఉర్దూ. మూడు భాషల మధ్య పెరిగే ఆడపిల్లకు బడే దూరం, బడిలో భాష ఇంకా దూరం.

1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. దేశభాషలో ఉన్నత విద్య అనే గొప్ప ప్రయోగం అది. కానీ తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లకు ఉర్దూ తన భాష కాదు. 1928లో మాడపాటి హనుమంతరావు, ఆయన మిత్రులు హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టినప్పుడు వచ్చిన పెద్ద చిక్కు గుర్తింపు. దానికి దారి పుణెలో దొరికింది. ధోండో కేశవ కర్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం మాతృభాషలో బోధనను ఒప్పుకుంటుంది. తెలుగు బడి ఆ విశ్వవిద్యాలయం నీడలోకి వెళ్లింది.

ఇక్కడే చరిత్ర మెలిక తిరుగుతుంది. కర్వే విశ్వవిద్యాలయం మాతృభాషను ఇచ్చింది. దానితోపాటు స్త్రీ జీవితానికి తగిన చదువు వేరే ఉండాలన్న సూత్రాన్నీ ఇచ్చింది. గృహనిర్వహణ, ఆరోగ్యం, శిశు పోషణ ఆ పాఠ్యక్రమంలో ముఖ్యమైన చోటు సంపాదించుకున్నాయి. తెలుగులో చదువుకోవాలంటే గృహిణి కావడానికి చదువుకోవాలి. మగపిల్లలతో సమానమైన చదువు కావాలంటే పరాయి భాషలో చదువుకోవాలి. ఆ తరం తెలంగాణ ఆడపిల్లల ముందు ఉన్న ఎంపిక ఇదీ. అయినా అలాంటి బడుల్లో అక్షరం నేర్చినవాళ్లు గ్రంథాలయాలకు వెళ్లారు, సభల్లో మాట్లాడారు. సాయుధ పోరాటంలోకి వెళ్లిన ఆడవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు, చదువు లేనివాళ్లూ ఉన్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో వాళ్ల గొంతులు విన్నాం. పోరాటం ఆగిపోయాక వాళ్లను మళ్లీ ఇంటికే పంపారన్న బాధ ఆ పుస్తకం నిండా ఉంది. రాజ్యం మారినా, పార్టీ మారినా ఆడవాళ్ల తిరుగుటపా చిరునామా మాత్రం మారలేదు.

నాలుగు నివేదికలు

స్వాతంత్ర్యం తర్వాత ఇరవై ఏళ్ల లోపు ఈ విషయం మీద నాలుగు ముఖ్యమైన నివేదికలు వచ్చాయి. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ హైస్కూలు చదువును ఏడు శాఖలుగా చూపింది. మానవశాస్త్రాలు, విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, ఏడోది గృహవిజ్ఞానం. మొదటి ఆరూ ఎవరైనా తీసుకోవచ్చు అన్నట్టు ఉంటాయి. ఏడోది ఎవరికో చెప్పనక్కరలేదు.

1958లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన స్త్రీ విద్యపై జాతీయ కమిటీ వేశారు. 1959లో వచ్చిన నివేదిక ఆడపిల్లల చదువు వెనకబాటును ఒక జాతీయ సమస్యగా మొదటిసారి గట్టిగా ముందుకు తెచ్చింది. అయితే ప్రాథమిక స్థాయిలో అందరికీ ఒకే చదువు అంటూనే, పైతరగతులకు వెళ్లేకొద్దీ ఆడపిల్లలకు భిన్నమైన పాఠ్యక్రమం ఉండాలన్నది ఆ నివేదిక. బాల్యవివాహాన్ని తెంచుకుని వచ్చి, చిన్న వయసులోనే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపిన దుర్గాబాయి ఆ మాట ఎలా ఒప్పుకున్నారు అని ఆశ్చర్యం వేస్తుంది. ఆమె ఆచరణను చూస్తే కొంత జవాబు దొరుకుతుంది. 1937లో మద్రాసులో ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ మొదటినుంచీ చేసిన పని, బడి మానేసిన ఆడవాళ్లను మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టడం. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా 1958లో మొదలైన సంక్షిప్త విద్యాకోర్సులు వితంతువులకు, భర్త వదిలేసిన స్త్రీలకు రెండేళ్లలో పరీక్ష పాసై టీచరుగానో నర్సుగానో గ్రామసేవికగానో నిలబడే దారి చూపాయి. ఆమెకు సిద్ధాంతం కన్నా జీతం ముఖ్యం. ఆడదాని చేతికి నెల జీతం రావాలి. అప్పటి సమాజం ఏ ఉద్యోగాన్ని ఒప్పుకుంటే ఆ ఉద్యోగం గుండా రావాలి. ఈ లెక్కలో నిజం ఉంది. దాని ఖరీదూ ఉంది.

ఆ ఖరీదును గుర్తించింది హంసా మెహతా. 1961లో ఆమె అధ్యక్షతన వేసిన కమిటీ పని, బాలబాలికలకు వేరు వేరు పాఠ్యక్రమం కావాలా అని తేల్చడం. 1964 నాటికి కమిటీ ఇచ్చిన జవాబు సూటిగా ఉంది. మగవాళ్ల పని, ఆడవాళ్ల పని అని మనం అనుకునేవి ప్రకృతి ఇచ్చినవి కావు, సమాజం చేసినవి. పాఠ్యక్రమాన్ని లింగాన్నిబట్టి విడదీయకూడదు. గృహవిజ్ఞానం పనికొచ్చే విద్య అయితే దాన్ని మగపిల్లలకూ నేర్పండి. ఇల్లు ఇద్దరిదీ కదా!

1964-66 నాటి కొఠారి కమిషన్ హంసా మెహతా మాటను ఆమోదించింది. పదేళ్ల సాధారణ విద్యలో గణితం, విజ్ఞానశాస్త్రం అందరికీ తప్పనిసరి అంది. గృహవిజ్ఞానం ఆడపిల్లల మీద రుద్దాల్సినది కాదు, ఇష్టమైతే తీసుకునేది అంది. మన ఆడపిల్లలు ఇవాళ లెక్కలూ భౌతికశాస్త్రమూ చదివి బాసర ట్రిపుల్ ఐటీ గుమ్మం దాకా రాగలుగుతున్నారంటే ఆ నిర్ణయం ఫలితమే. దాన్ని తక్కువ చేయలేం.

కానీ హంసా మెహతా చెప్పినదాంట్లో సగమే అమలైంది. ఆడపిల్లలకు లెక్కలు వచ్చాయి. మగపిల్లలకు వంట రాలేదు. గృహవిజ్ఞానం అందరి సబ్జెక్టు కావలసింది పోయి, మెల్లగా మన ప్రభుత్వ హైస్కూళ్ల లెక్కలోంచే జారిపోయింది. ఇంటిపని మాత్రం ఎక్కడికీ పోలేదు. బడినుంచి ఇంటికొచ్చిన పిల్ల అంట్లు తోముతూనే ఉంది. సిలబస్ ఒక్కటైంది, సాయంత్రం మాత్రం ఒక్కటి కాలేదు.

పొయ్యి చుట్టూ ఉన్న శాస్త్రం

పొయ్యి దగ్గర శాస్త్రం లేదా అంటే, హైదరాబాదు చరిత్రే జవాబు. 1953లో హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు పొగలేని పొయ్యి గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. మట్టితో కట్టుకునే ఆ పొయ్యి దేశమంతా ప్రచారమైంది. సమాజ వికాస పథకం కింద గ్రామసేవికలకు నేర్పిన పనుల్లో పొగలేని పొయ్యి ఒకటి. ఉద్దేశం మంచిదే. కానీ దేశంలో అనేక చోట్ల ఇలాంటి పొయ్యిలు కొన్నాళ్లకే మూలపడ్డాయి. గొట్టం పూడుకుపోతే శుభ్రం చేసేదెవరు, పెద్ద గిన్నె పట్టకపోతే ఏం చేయాలి, వానాకాలంలో తడి కట్టె మండకపోతే ఎలా అన్న ప్రశ్నలు వండే మనిషిని అడగాల్సినవి. ఆమెను శ్రోతగా కూర్చోబెట్టారు కానీ పరిశోధకురాలిగా పిలవలేదు. చివరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద పొదుపు సంఘాల స్త్రీలకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి.

ఇంకో ఉదాహరణ. 1918లో కూనూరులో మొదలై తర్వాత హైదరాబాదుకు తరలిన పరిశోధనశాలే 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో దక్కన్ ప్రాంతపు పేదల్లో కనిపించే పెలాగ్రా జబ్బు గురించి రాశారు. చర్మం నల్లబడి పొరలు రాలడం, విరేచనాలు, మతి చలించడం దాని లక్షణాలు. అప్పటిదాకా మక్కలు తినేవాళ్ల జబ్బనుకున్నది ఇక్కడ జొన్నలు తినేవాళ్లలో కనిపించింది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే ఆమ్లమే కారణం కావచ్చునని వాళ్లు వాదించారు. కానీ జొన్న తినే ప్రతి ఇంటికీ ఆ జబ్బు రాలేదు. జొన్నరొట్టెతోపాటు పప్పూ పాలూ దొరికినవాళ్లు బాగానే ఉన్నారు. జొన్న తప్ప మరేమీ దొరకని కూలి ఇళ్లను పట్టుకుంది.

ఇది పోషకాహార పాఠమా, భూమి పాఠమా? రెండూనూ. సమతులాహారం పటం గోడకు తగిలించి పాలు, గుడ్డు, పండు, ఆకుకూర అని వరసగా చదివించే తరగతిలో ఆ ప్రశ్న రాలేదు. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి ఏ విటమిన్ ఎంత అందుతుందన్న ప్రశ్న కూడా రాలేదు. గృహవిజ్ఞానం మీద మనకున్న అసలు ఫిర్యాదు ఇక్కడ ఉండాలి. వంట నేర్పినందుకు కాదు, వంటింట్లోని అధికారాన్ని చదవడం నేర్పనందుకు.

ఇల్లే కార్ఖానా అయినచోట

గృహవిజ్ఞాన పుస్తకాల్లో ఇల్లు అంటే ఒక నమూనా ఉంది. బయటికి వెళ్లి సంపాదించే భర్త, ఆ సంపాదనను పొదుపుగా నడిపే భార్య, ఇద్దరు పిల్లలు. ఆదాయం, వ్యయం, పొదుపు అని మూడు గడులు. ఈ పటం తీసుకుని ఉత్తర తెలంగాణ పల్లెలోకి రండి.

నిజామాబాద్, కరీంనగర్, ఆదిలాబాద్ పాత జిల్లాల్లో లక్షల మంది ఆడవాళ్లు బీడీలు చేస్తారు. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే పని అరుగు మీదో, వాకిట్లోనో జరుగుతుంది. చాట ఒళ్లో పెట్టుకుని, ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను పిల్ల మీద. ఆ ఇంట్లో పని ఎక్కడ ముగిసి ఇల్లు ఎక్కడ మొదలవుతుంది? 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర పనిచేసేవాళ్లనూ కార్మికులుగా గుర్తించింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక బీడీ కార్మికులకు పింఛనూ వచ్చింది. ఇవన్నీ సంఘాలు పోరాడి తెచ్చుకున్నవి. కానీ తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరించే కూతురు ఏ రిజిస్టర్‌లోనూ లేదు. బడి నుంచి రాగానే ఆమె చేసే గంటల పని తల్లి లెక్కలో కలిసిపోతుంది.

అదే ఇళ్లలో చాలామంది మగవాళ్లు దుబాయి, మస్కట్, సౌదీ వెళ్లారు. వీసా కోసం చేసిన అప్పు, దాని మీద వడ్డీ, నెలనెలా వచ్చే డబ్బు, రాని నెలల్లో బీడీ కూలి, పొదుపు సంఘం వాయిదా. ఈ లెక్కంతా నడిపేది ఇంటి దగ్గర ఉన్న ఆడమనిషి. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఉమ్మడి రాష్ట్రంలో పేద ఆడవాళ్లు ఎంత నలిగారో, ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసినంత దూరం ఎలా వెళ్లిందో చూశాం. వడ్డీ లెక్క, రుణపత్రం మీద సంతకం అర్థం, వినియోగదారుగా హక్కు హైస్కూల్లో నేర్పాల్సిన విషయాలు కావా? కుటుంబ, వినియోగదారు శాస్త్రం అనే పేరుకు నిజమైన అర్థం ఏ అమెరికా పట్టణంలోకన్నా ఇక్కడే ఎక్కువ ఉంది. బీడీ చాట ముందున్న ఆడమనిషి గృహ ఆర్థికశాస్త్రం గురించి ఒక పుస్తకానికి సరిపడా చెప్పగలదు. ఆమెను ఎవరూ అడగలేదంతే.

గౌరవం, వేతనం

పదో తరగతి తర్వాత ఈ విద్య ఏ ఉద్యోగాలకు దారి తీస్తుంది? 1986 విద్యా విధానం తర్వాత, 1988 నాటి కేంద్ర పథకంతో, ఇంటర్ స్థాయిలో వృత్తివిద్య విస్తరించింది. దుస్తుల తయారీ, ప్రీస్కూల్ టీచర్ శిక్షణ, మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ వంటి కోర్సుల్లో ఆడపిల్లలు చేరారు. పైకి వెళితే హోంసైన్సు డిగ్రీ. ఆ డిగ్రీ ఉన్నవాళ్లకు స్త్రీ శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్ ఉద్యోగం, ఆసుపత్రిలో డైటీషియన్, కృషి విజ్ఞాన కేంద్రంలో శాస్త్రవేత్త, కాలేజీలో అధ్యాపకురాలు. ఇవి నిజమైన ఉద్యోగాలు. మొదటి తరం చదువుకున్న ఆడవాళ్లు ఎందరో ఈ దారిలో సొంత కాళ్ల మీద నిలబడ్డారు.

మెట్టు దిగేకొద్దీ బొమ్మ మారుతుంది. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో పిల్లలకు చదువు చెప్పి, బరువు తూచి, గర్భిణులకు ఆహారం పెట్టి, రిజిస్టర్లన్నీ నింపే మనిషి అంగన్‌వాడీ టీచర్. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు పూట భోజనం వండి వడ్డించేదీ అంగన్‌వాడీలోనే. ఆమెకు ఇచ్చేది జీతం కాదట, గౌరవ వేతనం. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన మధ్యాహ్న భోజన పథకంలో వంట చేసే స్త్రీలకూ అంతే. 2009లో కేంద్రం నిర్ణయించిన మొత్తం నెలకు వెయ్యి రూపాయలు.

‘గౌరవ వేతనం’ అన్న మాటను కాస్త విప్పి చూడండి. గౌరవం ఉన్నచోట వేతనం అడగకూడదనే మర్యాద అందులో దాగి ఉంది. ఇంట్లో అమ్మ చేసే పనికి జీతం ఉండదు, కాబట్టి ఊరికి అమ్మగా చేసే పనికీ జీతం ఉండదు. పిల్లల్ని చూడటం, వండటం, వడ్డించడం, శుభ్రం చేయడం ఆడదానికి పుట్టుకతో వచ్చేస్తాయి కనుక అవి నైపుణ్యాలు కావు. కళాశాలలో నాలుగేళ్లు చదివితే శాస్త్రం, అంగన్‌వాడీలో చేస్తే సేవ, ఇంట్లో చేస్తే ధర్మం. పని ఒక్కటే. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అంటే ఇది పని అని చట్టం ఒప్పుకోవడానికి పథకం మొదలై నలభై ఏడేళ్లు పట్టింది.

రెండో గుమ్మం లోపల

మళ్లీ బాసర ట్రిపుల్ ఐటీ దగ్గరికి వద్దాం. పల్లెటూరి ప్రతిభను పదో తరగతి దగ్గరే పట్టుకోవాలన్నది 2008 చట్టం ఉద్దేశం. గ్రేడ్ పాయింట్ల కాలంలో ప్రభుత్వ బడుల పిల్లలకు 0.4 పాయింట్లు అదనంగా కలిపి వెనకబాటును లెక్కలోకి తీసుకున్నారు. 2011 జనాభా లెక్కల నాటికి పాత ఆదిలాబాద్ జిల్లాలో స్త్రీల అక్షరాస్యత సుమారు 51 శాతం, పురుషులది సుమారు 71 శాతం. అలాంటి చోట, ఇటీవలి ఏళ్ల ప్రవేశాల్లో ఆడపిల్లలే ఎక్కువ మంది ఉండటం మామూలు విషయం కాదు. బీడీ చాట పక్కనుంచి లేచి వచ్చిన పిల్లలున్నారు అందులో.

2022 జూన్‌లో ఈ విద్యార్థులు ఎండకూ వానకూ వెరవకుండా రోజుల తరబడి గేటు దగ్గర కూర్చున్నారు. దేశమంతా చూసింది. వాళ్లు అడిగినవాటిలో వసతులు, అధ్యాపకులు, మెస్ అన్నీ ఉన్నాయి. ఆ మరుసటి నెలలోనే మెస్ భోజనం తిని పెద్ద సంఖ్యలో విద్యార్థులు అస్వస్థులయ్యారు. వేల మందికి మూడు పూటలా శుభ్రంగా వండిపెట్టడం చిన్న పని కాదు. కూరగాయల కొనుగోలు, నిల్వ, నీటి పరీక్ష, వంటవాళ్ల ఆరోగ్యం, పాత్రల శుభ్రత, పోషక విలువ, ఖర్చు లెక్క. ఇదంతా ఒక శాస్త్రం. ఆ శాస్త్రం పేరే హోంసైన్సు. ఎలెన్ రిచర్డ్స్ నీళ్లూ ఆహారమూ పరీక్షించి మొదలుపెట్టింది దీన్నే. సాంకేతిక విద్య అంటే కంప్యూటరు, వంట అంటే కాంట్రాక్టు అని విడదీసుకున్న సమాజంలో ఇంజనీరు కాబోయే పిల్ల ఆకలి ఏ శాఖ కిందికీ రాదు.

ఈ మధ్యలో సబ్జెక్టు తన పేరును మార్చుకుంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల పుస్తకానికి మానవ పర్యావరణం, కుటుంబ శాస్త్రాలు అనే అర్థం వచ్చే పేరు పెట్టి, అది ఆడా మగా ఇద్దరికీ అని ప్రకటించింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి అయిదో డీన్ల కమిటీ సిఫారసులతో వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో హోంసైన్సు ‘కమ్యూనిటీ సైన్స్’ అయింది. హైదరాబాదు సైఫాబాద్‌లోని కాలేజీ బోర్డు మీద కూడా గృహం పోయి సమాజం వచ్చింది. మంచిదే. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే వృత్తి నైపుణ్యాలు అంటోంది. అదీ మంచిదే. కానీ కుట్టుమిషన్ ముందు, బ్యూటీ కోర్సులో ఆడపిల్లలూ, విద్యుత్ పరికరాల ముందు మగపిల్లలూ కూర్చుంటే 1953 నాటి ఏడో శాఖే కొత్త చీర కట్టుకుని వచ్చినట్టు.

2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిచాకిరి చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు గడుపుతున్నారు. 2019లో ఇవి 299, 97. అయిదేళ్లలో ఇద్దరికీ కొద్దిగా తగ్గింది. ఇద్దరి మధ్య దూరం మాత్రం దాదాపు అలాగే ఉంది. హంసా మెహతా కమిటీ నివేదికకు అరవై ఏళ్లు నిండిన సంవత్సరపు లెక్క ఇది.

అందుకే హోంసైన్సు పోతే పీడ పోయిందనుకోవడం నా వల్ల కావడం లేదు. మనం వదిలించుకోవలసింది ఆ సబ్జెక్టుకు అంటగట్టిన ఆడతనాన్ని. జ్ఞానాన్ని వదిలించుకుంటే నష్టపోయేది మళ్లీ మనమే. ఎందుకంటే ఇంటిపని చదువు లేకుండానైనా మన మీదే పడుతుంది. హైస్కూల్లో ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ అన్నం వండటం, బట్టలుతకడం, పసిపిల్లను ఎత్తుకోవడం, అప్పు పత్రం చదవడం, తిన్నదాంట్లో ఏముందో లెక్కగట్టడం, ఇంట్లో ఎవరు ఎంత తింటున్నారో ఎవరు ఎంతసేపు నిద్రపోతున్నారో రాసుకోవడం నేర్చుకోవాలి. పరీక్ష కూడా పెట్టాలి, మార్కులూ వేయాలి. మార్కులు లేని పనిని మన సమాజం పనిగా గుర్తించదు. ఆ పనిని వృత్తిగా తీసుకున్నవాళ్లకు గౌరవంతో పాటు పూర్తి జీతం ఇవ్వాలి.

ఇందులో ఏదీ కొత్తది కాదు. పాఠ్యక్రమం రాసేవాళ్ల బీరువాలో 1964 నుంచీ ఉంది. దాన్ని బయటికి తీసి దుమ్ము దులపమని అడగవలసింది, ఆ దులిపే పనిని మళ్లీ మన చేతికే ఇవ్వకుండా చూసుకోవలసింది మనమే.